బంట్రోతు చేతికి తాళాలు

చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలని షరతు పెట్టింది తనే, ఇప్పుడా చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక అవస్థ పడుతున్నదీ తనే. కీబోర్డును బల్ల ఆ చివరికి నెట్టేసింది. అయినా కుడిచేతి వేళ్లు మోకాలి మీద ఏవో అక్షరాలు కొట్టుకుంటూనే ఉన్నాయి, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఇది పుట్టుకతో రాకపోయినా అంతకంటే గట్టిగా పట్టుకుంది. గాజు గదిలో ముగ్గురే ఉన్నారు. ఎదురుగా పెద్దాయన, ఈ సంస్థలో సర్వర్ల పనంతటికీ ఆయనే పెద్ద దిక్కు, కళ్లజోడు నుదుటి మీదికి ఎక్కించి కాసేపటికి దాని కోసమే బల్లంతా వెతుక్కునే మనిషి. పక్కన రాకెట్. రాకెట్ అసలు పేరు ఆఫీసులో సగం మందికి తెలియదు, ఏ పనైనా నిన్ననే అయిపోయి ఉండాల్సిందనే రకం, కుర్చీలో కూర్చున్నా సగం లేచే ఉంటాడు. ఆమెకూ ఒక పేరుంది, బ్రేకమ్మ. ఎదురుగా ఎవరూ అనరు, ఆమెకు తెలియదనుకుని ధైర్యంగా వెనకాల అనుకుంటారు, తెలుసని చెబితే పాపం ఆ ముచ్చట కాస్తా పోతుందని ఆమే ఊరుకుంది. గోడ మీద రెండు తెరలున్నాయి. ఒక తెర మీద బంట్రోతు, అంటే వీళ్ల ఏఐ ఏజెంట్, తను చేస్తున్న పనిని ఒక్కో వాక్యంగా రాస్తోంది. రెండో తెర మీద ఒక ఆకుపచ్చ గీత, అంబులెన్సు కోసం వచ్చే ఫోన్లు అన్నీ అందుతున్నాయని చెప్పే గీత. అది కిందికి దిగిందంటే ఎక్కడో ఎవరో గుండె పట్టుకుని చేసిన ఫోను తెగిపోయినట్టు. ఈ పరీక్ష గంటలో ఒక్క ఫోను తెగినా ఏజెంట్ల మాట ఇక ఎత్తొద్దని పెద్దాయన పొద్దున్నే చెప్పేశారు. మెల్లగానే చెప్పారు, కానీ ఆయన మెల్లగా చెప్పిన మాటకే ఇక్కడ తిరుగుండదు.

బంట్రోతు అని పేరు పెట్టిందెవరో గుర్తులేదు. ఏఐ ఏజెంట్ అంటే సంగతి చెబితే అర్థం చేసుకుని, తనే నాలుగు చోట్ల ఆరా తీసి, పని చక్కబెట్టుకొచ్చే ప్రోగ్రామే కదా, వెనకటి ఆఫీసుల్లో బంట్రోతు చేసిందీ ఆ పనేగా అని ఎవరో అన్నారు, అంతే, మర్నాటికి అందరి నోళ్లలో అదే స్థిరపడింది. దాని తప్పేం లేదు, మనుషులు చేయలేని పని చేయడానికే దాన్ని తెచ్చారు. చేయలేని పని అంటే కష్టమైనదని కాదు, భయమైనది. ఎక్కడెక్కడో అద్దెకు తీసుకున్న సర్వర్లు, వాటిని గుంపులు గుంపులుగా తీసుకుంటారు, ప్రోగ్రాములను కంటైనర్లలో, అంటే చిన్న చిన్న డబ్బాల్లో సర్ది ఆ గుంపుల మీద పెడతారు, అన్నిటినీ కలిపి క్లస్టర్ అంటారు. డబ్బా ఎక్కడైనా బతుకుతుంది, ఈ సర్వరు కాకపోతే ఆ సర్వరు. కొత్త గుంపు పెట్టడం చిటికెలో పని, ఎంత పిరికివాడైనా పెట్టేస్తాడు. పాత గుంపు తీసేయమంటేనే అందరికీ ఆ రోజు ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. అందులో ఏముందో, ఎవరు పెట్టారో, పెట్టినవాళ్లు ఉద్యోగం మాని వెళ్లి ఎన్నాళ్లయిందో ఎవరికి తెలుసు. అటక మీద సామాను దించే ధైర్యం లేక ఇంకో అటక కట్టించుకున్నట్టు, పాతది అలాగే ఉంచి పక్కన కొత్తది, దాని పక్కన ఇంకా కొత్తది, అద్దె మాత్రం అన్నిటికీ కట్టుకుంటూ వచ్చారు. పిల్లి మెడలో గంట కట్టే మనిషి దొరకలేదు గనుక మనిషి కానిదాన్ని వెతికి తెచ్చారు. తాళాలన్నీ ఒకేసారి దాని చేతికిచ్చేద్దాం అన్నాడు రాకెట్. ఇద్దాం, ఇవ్వాల్సిందే, కానీ తాళాలకంటే ముందు బ్రేకులిద్దాం అంది ఆమె. అప్పుడే పుట్టి ఉంటుంది ఆ బ్రేకమ్మ పేరు. నిజానికి ఈ ఆఫీసులో బంట్రోతు గెలవాలని ఆమెకున్నంత ఆశ రాకెట్‌కైనా లేదు, ఆ ముక్క మాత్రం ఎవరూ నమ్మరు.

ఇవాళ తీయాల్సిన పాత గుంపులు మూడు. మొదటి గుంపు. బంట్రోతు చేయబోయేదంతా ముందుగా రాసి చూపించింది, ఏ గుంపు, ఏ క్లస్టర్‌లోది, దాని మీద ఇప్పుడేమున్నాయి, తీసేస్తే ఎవరికి ఇబ్బంది, రేపు కావాలంటే మళ్లీ ఎలా తెచ్చుకోవాలి. చూపించి ఆగింది. అది మొదటి బ్రేకు, మనిషి సరే అంటే తప్ప కదలదు. ఈ గంటలో ఆమె చేతులకు మిగిలిన పని అదొక్కటే, ఫోను తెర మీద వచ్చే 'సరే' అన్న బొత్తాన్ని నొక్కడం. చదివింది, మళ్లీ చదివింది, మూడోసారి చదువుతుంటే రాకెట్ కుర్చీ కిర్రుమంది, అప్పుడు నొక్కింది. గుంపు వెళ్లిపోయింది. ఆకుపచ్చ గీత కదల్లేదు. ఏసీ గొట్టంలోంచి నీటి చుక్క ఒకటి కింద పెట్టిన ప్లాస్టిక్ మగ్గులో పడింది. ఇంత పెద్ద సంస్థకు ఏసీ బాగు చేయించే దిక్కులేదు, మగ్గు పెట్టి ఊరుకున్నారు, సర్వర్ల విషయంలోనూ ఇన్నాళ్లూ చేసింది అదే కదా అనుకుంది, నవ్వొచ్చింది, నవ్వితే ముందే సంబరపడిపోయినట్టుంటుందని పెదవి కొరుక్కుంది. పెద్దాయన కళ్లజోడు కోసం వెతుక్కుంటున్నారు. నుదుటి మీద ఉంది సార్ అని చెబుదామనుకుని ఆగింది, ఇప్పుడు ఆయన దృష్టి మళ్లించకపోవడమే మంచిది.

రెండో గుంపు అసలైన పరీక్ష, ఫోన్లు అందుకునే డబ్బాలన్నీ దాని మీదే ఉన్నాయి. తలుపు మూశాను, కొత్త డబ్బాలేవీ ఇక ఈ గుంపు మీదికి రావు, అని రాసింది బంట్రోతు. ఉన్నవాటిని ఒక్కొక్కటిగా తరలిస్తున్నాను, అని రాసింది. ఆ రెండు వాక్యాలూ చూడగానే ఆమెకు ఎదురుగా గాజు గది పోయి పొడుగాటి వరండా వచ్చింది, వరండా నిండా బకెట్లు, చుట్టచుట్టిన పరుపులు, అద్దాలు, ఒక పగిలిన పూలకుండీ. తన చిన్నప్పుడు అమ్మ, ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లల హాస్టలు నడిపేది. ఎడమవైపు గదుల పైకప్పు పెచ్చులూడుతోందని ఆ వైపంతా ఖాళీ చేయించాల్సొచ్చింది. తెల్లారేసరికి అందర్నీ బయటికి నడవమనలేదు అమ్మ. ముందు, కొత్తగా గది అడగడానికి వచ్చినవాళ్లకు ఆ వైపు చూపించడం మానేసింది. తర్వాత ఒక్కొక్కర్నే కదిలించింది. అవతల మంచం వేసి, దుప్పటి పరిచి, ఫ్యాను తిరుగుతోందో లేదో తనే వేసి చూశాక గానీ ఇవతల పెట్టె ఎత్తనిచ్చేది కాదు. ఒకే గదిలోంచి ఇద్దర్ని ఒకేరోజు లేపకూడదు, రాత్రంతా డ్యూటీ చేసొచ్చి పడుకున్న నర్సును పగలు లేపకూడదు, టైపిస్టు పిల్లకు కిటికీ లేని గది ఇస్తే ఏడుస్తుంది గనుక కిటికీ గది ఖాళీ అయ్యేదాకా దాన్ని కదపకూడదు. అన్నయ్య ఇనప్పెట్టెలు నెత్తిన పెట్టుకుని మోసేవాడు, తను అలారం గడియారం ఒక్కటి పట్టుకుని వాడి ముందు నడుస్తూ అడ్డు లేవండి, అడ్డు లేవండి అని అరిచేది, పెత్తనమంతా తనదే, మోత వాడిది. ఎడమవైపు ఖాళీ అయిందని ఆ హాస్టల్లో ఉన్నవాళ్లకే చాలామందికి తెలియలేదు. ఎవరి నిద్రా చెడలేదు, ఎవరి బస్సూ తప్పిపోలేదు. తర్వాత ఈ పనిలోకొచ్చి, ఇదే పద్ధతికి పెద్ద పెద్ద పేర్లు పెట్టి పుస్తకాల్లో రాసి ఉండటం చూసి, ఓస్ ఇదా, మా అమ్మ చేసేదే కదా అనుకుంది. గట్టిగా అనలేదులే, అప్పటికి ఉద్యోగంలో చేరి వారం కూడా కాలేదు.

ఒక డబ్బా దగ్గర ఆగిపోయింది. కొత్త గుంపు మీద దాని జోడీ ఇంకా లేవలేదు, అది లేచి, ఫోను అందుకునే స్థితికి వచ్చాక గానీ పాతదాన్ని దించను, ఎదురుచూస్తున్నాను, అని రాసింది బంట్రోతు. ఎదురుచూస్తున్నాను. ఎదురుచూస్తున్నాను. అదే వాక్యం తెర మీద ఒకదాని కింద ఒకటి పడుతోంది. రాకెట్ లేచి నిలబడ్డాడు. బలవంతంగా దించేయమంటే సరిపోతుంది కదా, ఒక్క డబ్బా కోసం ఇంతసేపా, మనిషైతే ఈపాటికి కానిచ్చేసేవాడు అని గొణిగాడు. అవును, మనిషైతే కానిచ్చేసేవాడు, అదే కదా భయం. బలవంతంగా ఖాళీ చేయించే తాళం బంట్రోతు గుత్తిలో లేదు, ఆమె చేర్చనివ్వలేదు. అడిగినా దానికి దొరకదు, రాకెట్ అరిచినా దొరకదు, చివరికి ఆమె కాళ్లావేళ్లా పడినా దొరకదు. పెద్దాయన చూపు ఆకుపచ్చ గీత మీదికీ అక్కణ్ణుంచి ఆమె మొహం మీదికీ వచ్చి వెళ్లింది. గుండె గుప్పిట్లో పెట్టుకుని కూర్చోవడం అంటే ఏమిటో ఆమెకు ఇప్పుడు తెలిసింది, గుప్పిళ్లు రెండూ ఒళ్లోనే ఉన్నాయి మరి, ఖాళీగా. లేవమ్మా, లేవవే, అవతల దుప్పటి పరిచి పెట్టాం, ఫ్యాను తిరుగుతోంది, లే, అని ఎక్కడో ఉన్న ఆ డబ్బాను లోపల్లోపల బతిమాలుకుంటోంది. ఇంత వయసొచ్చి, తలలో ఇన్ని తెల్ల వెంట్రుకలొచ్చి, డబ్బాలను బతిమాలుకునే దాన్నయ్యాను అనుకుంది.

ఈ బతిమాలుకోవడం డబ్బా కోసమేనా, కాదు, అన్నయ్య కోసం. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, పెద్దాయనకూ చెప్పలేదు. ఈ పనిలోకి ముందొచ్చింది వాడు, తనను లాక్కొచ్చిందీ వాడే, సర్వరు అంటే ఏమిటో వంటింటి గట్టు మీద గిన్నెలు పేర్చి చెప్పింది వాడే. వేరే సంస్థలో వాడి కింద ఒక క్లస్టర్ ఉండేది. అందులో ఒక గుంపు నెలల తరబడి ఖాళీగా పడి ఉంది, ఒక్క డబ్బా కూడా లేదు, ఎవరు చూసినా దండగ అంటారు. వాడు తనంతట తాను చేయలేదు కూడా, తీసేయనా అని పైఅధికారిని అడిగాడు. ఆయన చేతిలో ఫోను చూసుకుంటూ తలెత్తకుండానే, ఆ, తీసెయ్, అన్నాడు. తీసేశాడు. పిల్లల పరీక్షా ఫలితాలు వచ్చే రోజున మాత్రమే లేచే ప్రోగ్రాం ఒకటి ఆ గుంపునే నమ్ముకుని ఉందని ఎవరికి తెలుసు. ఆ రోజు వచ్చింది, ప్రోగ్రాం లేవబోయింది, నిలబడటానికి చోటు లేదు. ఊళ్లకు ఊళ్లు పిల్లలు పొద్దంతా తెల్లటి తెరలు చూస్తూ కూర్చున్నారు. నన్ను అడిగాడా, నేను సరే అన్నానా, నాకు గుర్తులేదే అన్నాడా అధికారి. అన్నయ్య వాదించలేదు, రాజీనామా రాసిచ్చి వచ్చేశాడు. ఇప్పుడు రంగుల దుకాణంలో ఉన్నాడు, గోడలకు వేసే రంగులు కలిపిస్తాడు. బాగానే ఉన్నాడు, నవ్వుతాడు, పిల్లలతో ఆడతాడు. భోజనాల దగ్గర తను సర్వర్ల ఊసు ఎత్తితే మాత్రం గ్లాసులో నీళ్లు తాగేసి లేచి వెళ్లిపోతాడు. చేసిన చెయ్యి తనదే గనుక తప్పూ తనదే అని వాడి లెక్క. తప్పు చేతిది కాదన్నయ్యా, ఆ చేతిని ఆపేది ఏదీ లేకపోవడానిది, అని చెప్పాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. ఊరికే మాటల్లో చెబితే ఓదార్పు అనుకుంటాడు, చేసి చూపిస్తేనే నమ్ముతాడు, వాడి సంగతి తనకు తెలుసు. ఇవాళ ఈ గీత దిగిందంటే చెప్పడానికి ఏమీ మిగలదు. రెండో బ్రేకు వాడి కోసమే పెట్టింది. మనిషి సరే అన్నా సరే, ఆ గుంపును నమ్ముకున్న పని ఎక్కడైనా ఒక్కటుంటే, ఆ పని ఎవరిదో వాళ్లు కూడా సరే అనేదాకా బంట్రోతు తీయకూడదు. దీని మీదే రాకెట్‌తో పెద్ద గొడవయింది. మనిషి ఒప్పుకున్నాక కూడా అది ఆగడమేంటి, అప్పుడిక మనిషి దేనికి అన్నాడు. మనిషి తలెత్తకుండా కూడా ఒప్పుకుంటాడు అంది ఆమె. అంతకుమించి చెప్పలేదు, కందకు లేని దురద కత్తికెందుకు మేడమ్ అని రాకెట్ నవ్వుతూ వెళ్లిపోయాడు, బ్రేకు మాత్రం ఉండిపోయింది.

లేచింది. డబ్బా లేచింది. ఎదురుచూస్తున్నాను అన్న వరస తెగి, జోడీ సిద్ధమైంది, పాతదాన్ని దించుతున్నాను, అని పడింది, ఆ వెనకే తక్కినవన్నీ బడి వదిలిన పిల్లల్లా గబగబా కదిలాయి, గుంపు ఖాళీ, ఖాళీ అయిందని రెండుసార్లు సరిచూసుకున్నాను, తీసేశాను, అని రాసింది బంట్రోతు. గీత తిన్నగా, అద్దం మీద గీసినట్టు, అలాగే ఉంది. ఈ మధ్యలో ఎన్ని ఫోన్లు వచ్చి ఉంటాయి, ఎన్ని ఇళ్ల ముందు అంబులెన్సు ఆగి ఉంటుంది, తమ ఫోను మోసిన సర్వరు మధ్యలో మారిపోయిందని వాళ్లెవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు, తెలియకపోవడమే కదా ఈ పనిలో గెలుపు. పెద్దాయన కళ్లజోడు దొరికింది, పెట్టుకుని ఆమె వంక చూసి తలూపారు. రాకెట్ కూడా ఊ అన్నాడు, వాడి నోటి నుంచి ఊ రావడమంటే మాటలా. ఒళ్లంతా తేలికైపోయింది ఆమెకు, పరుగెత్తాలనిపించింది, ఆ వరండా పొడుగునా అలారం గడియారం పట్టుకుని అడ్డు లేవండి అని అరుస్తూ పరుగెత్తాలనిపించింది. ఇల్లలకగానే పండగ కాదు, ఇంకో గుంపు ఉంది, కానీ మూడోదాంట్లో ఏముంది, ఏమీ లేదు, ఖాళీ, మొన్న తనే చూసింది, ఒక్క డబ్బా లేదు, దండగ గుంపు, సాగనంపడమే తరువాయి. ఫోను మీద బొత్తాం వచ్చింది. నొక్కేసింది. సంతోషంలో ఉన్న చెయ్యి, చదవకుండానే నొక్కేసింది.

తెర మీద ఒక్క క్షణం ఏమీ రాలేదు. తర్వాత వచ్చింది. మీ సమ్మతి అందింది, కానీ ఈ గుంపును తీయడం లేదు. ఇది ఇప్పుడు ఖాళీగా ఉంది. ఫోన్లు ఒక్కసారిగా పెరిగిన రోజున లేచే రద్దీ ప్రోగ్రాం ఈ గుంపు పేరే రాసుకుని ఉంది, మరెక్కడా లేచి నిలబడలేదు, కిందటిసారి వరదల రోజున లేచింది. దాని బాధ్యులు అంబులెన్సు కాల్ సెంటర్‌లో ఉన్నారు, వారి సమ్మతి లేదు. నేను చేయబోయే పని వివరంలో ఈ సంగతి మూడో వాక్యంలో రాశాను.

మూడో వాక్యంలో రాశానట. గదిలో నీటి చుక్క మగ్గులో పడిన చప్పుడు వినిపించింది. ఆమె ఫోను పైకెత్తి ఆ వివరం చదివింది, ఇప్పుడు చదివింది, ఉంది, మూడో వాక్యమే, పక్కన ఎర్ర చుక్క కూడా ఉంది. చెవులు వేడెక్కాయి. తనే. బ్రేకమ్మే. అన్నయ్య అధికారి ఫోనులోంచి తలెత్తకుండా ఆ, తీసెయ్ అన్నట్టే, తనూ ఆ, తీసెయ్ అంది. ఇన్నేళ్లుగా మొహం కూడా చూడని ఆ మనిషిని ఎన్ని తిట్లు తిట్టుకుందో, ఆ తిట్లన్నీ ఇవాళ చిరునామా మారి తన గుమ్మంలోకే వచ్చాయి. వరద వచ్చిన రోజున, జనం ఇళ్ల పైకప్పుల మీదికెక్కి ఫోన్లు చేసే రోజున, లేవాల్సిన ప్రోగ్రాం లేవలేక కూలబడేది. దానికి కారణం ఇవాళ్టి తన బొటనవేలు అయ్యేది. అయ్యేది. కాలేదు. ఆ 'కాలేదు' దగ్గరికి వచ్చేసరికి లోపల ఎక్కడో గట్టు తెగినట్టయింది. కాలేదు కదా. తను పెట్టిన బ్రేకు ముందు తననే ఆపింది. దాన్ని కట్టిన మనిషనీ చూడలేదు, మేడమ్ అనీ చూడలేదు, సరే అన్నా వినలేదు. ఓ బంట్రోతూ, నువ్వు బంగారం రా.

"మేడమ్, మీరు సరే అన్నాక కూడా చేయలేదేంటి? ఫెయిలైనట్టా?" అన్నాడు రాకెట్.

ఆమె నవ్వింది. పెదవి కొరుక్కుని ఆపుకునే నవ్వు కాదు, గాజు గోడల అవతల వరసగా కూర్చున్నవాళ్లు తలలు తిప్పి చూసేంత నవ్వు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తిరిగితే తిరగనీ. "ఫెయిలైంది నేను. చదవకుండా నొక్కాను. అది పాసైంది" అంది. ఈ గదిలో, పెద్దాయన ముందు, పరీక్షలో ఉన్న మనిషి అనకూడని మాట అది, కానీ అనేసింది, అంటున్నప్పుడు సిగ్గుకంటే గర్వమే ఎక్కువగా ఉండటం ఆమెకే వింతగా అనిపించింది. రాకెట్ తెర దగ్గరికి వెళ్లి ఆ వాక్యాలు వేలు పెట్టి మరీ చదివాడు. చదివి, వెనక్కి వచ్చి, మొదటిసారి కుర్చీలో పూర్తిగా కూర్చున్నాడు. నేనైతే మీకంటే ముందే నొక్కేవాణ్ణి మేడమ్ అన్నాడు, మెల్లగా, ఎవరూ అడక్కుండానే.

ఆ తర్వాతదంతా ఒక్క ఊపున సాగిపోయింది. కాల్ సెంటర్ పర్యవేక్షకురాలికి ఫోను చేశారు, వెనకాల వందమంది మాట్లాడుతున్న హోరులోంచి ఆవిడ గొంతు గట్టిగా వచ్చింది. అయ్యో దాన్ని తీయొద్దు, వరదప్పుడు మమ్మల్ని నిలబెట్టింది అదే, అంది. తీయం, ముందు దానికి కొత్త చోటు చూపిస్తాం, అది అక్కడ లేచి నిలబడటం మీరు కళ్లారా చూశాక మీరు సరే అంటేనే తీస్తాం, అంది ఆమె. రద్దీ ప్రోగ్రాంకు కొత్త గుంపు పేరు రాసిచ్చారు. ఒకసారి ఉత్తుత్తిగా లేపి చూడాలని బంట్రోతే అడిగింది. లేపారు. రద్దీ లేని పూట, ఎండ నిబ్బరంగా కాస్తున్న పూట, వరద కోసం పుట్టిన ప్రోగ్రాం కొత్త చోట నిక్షేపంగా లేచి నిలబడింది. అబ్బ, బాగుందమ్మా, పాతదానికంటే తొందరగా లేచింది, ఇక తీసుకోండి, అంది పర్యవేక్షకురాలు. ఆవిడ సరే వచ్చింది. ఆమె తన సరే కూడా ఇచ్చింది, ఈసారి ప్రతి వాక్యం కింద వేలు పెట్టుకుని, చిన్నప్పుడు వాచకం చదివినట్టు పెదవులు కదుపుతూ చదివి మరీ. మూడో గుంపు వెళ్లిపోయింది. గంట అయిపోయింది. గీత ఎక్కడా దిగలేదు, ఒక్క ఫోను తెగలేదు.

పెద్దాయన లేచి కళ్లజోడు మళ్లీ నుదుటి మీదికి ఎక్కించుకున్నారు. ఏ మాట అంటారో అని ఆమె చేతులు మళ్లీ ఒళ్లోకి వెళ్లిపోయాయి. "గుంపులు తీసే పని ఇక దానికే అప్పజెప్పేద్దామమ్మా. మిగతా క్లస్టర్లలో కూడా. ఆ రెండో బ్రేకు మీద మాత్రం ఎవ్వరి చెయ్యీ పడకూడదు, నా చెయ్యి కూడా" అన్నారు. రాకెట్ చప్పట్లు కొట్టాడు, గాజు గోడ అవతలివాళ్లు కూడా విషయం తెలియకపోయినా కొట్టారు, చప్పట్లకు కారణాలు కావాలా. ఎవరో కాఫీ కప్పు తెచ్చి ఆమె చేతికిచ్చారు. అది బల్ల మీద పెట్టేసి, ఫోను పట్టుకుని, వరసల మధ్యలోంచి, మెట్ల మీదుగా, కింద వీధిలోకి వచ్చేసింది. ఎండ మొహాన కొట్టింది. బస్సు ఒకటి హారన్ కొడుతూ పోయింది, అరటిపళ్ల బండి వాడు దారి ఇవ్వమని అరుస్తున్నాడు, లోకమంతా మామూలుగా, ఎక్కడా ఏదీ ఆగకుండా నడుస్తోంది. ఎంత బాగుందో ఈ మామూలు, దీన్ని ఇలాగే ఉంచడానికే కదా ఇంత పాటు. నవ్వుతూ నడుస్తుంటే ఎదురొచ్చినవాళ్లు తప్పుకుంటున్నారు. ఫోను మోగుతోంది, మోగుతోంది, ఎత్తడేమో అనుకుంటుండగా ఎత్తాడు. వెనకాల రంగులు కలిపే యంత్రం గడగడమంటోంది.

"ఏంటి బుజ్జీ, ఈ వేళప్పుడు?"

"అన్నయ్యా, నువ్వు లేచి వెళ్లిపోకుండా ఒక్క నిమిషం విను. ఇవాళ నేనొక ఖాళీ గుంపు తీసేయమన్నాను. చూడకుండా. అది నీ గుంపులాంటిదే, ఖాళీగా ఉంది గానీ ఒక పని దాన్నే నమ్ముకుని ఉంది. నేను సరే నొక్కేశాను అన్నయ్యా. మా ఏజెంట్ తీయలేదు. నేను చెప్పినా తీయలేదు. అలా ఆపమని దానికి నేర్పింది నేనే, అయినా నా చెయ్యి నొక్కేసింది. ఎవరి చెయ్యైనా నొక్కుతుంది. నీ చేతి తప్పు కాదు. ఆ రోజు నిన్ను ఆపేది అక్కడ ఏదీ లేదు, అంతే."

అవతల గడగడ ఆగకుండా వస్తోంది. ఎన్నేళ్లు దాచుకున్న మాటలో, వీధి మధ్యలో నిలబడి ఒక్క గుక్కలో చెప్పేసింది, సరిగ్గా చెప్పానో లేదో, వాడు విన్నాడో లేదో, గ్లాసులో నీళ్లు తాగుతున్నాడో ఏమో. అరటిపళ్ల బండి ఆమె చుట్టూ తిరిగి పోయింది. అప్పుడు యంత్రం ఆగింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఒకటి, ఆ తర్వాత గొంతు సవరించుకోవడం.

"ఖాళీగా ఉన్నదాని మీద ఒక పని ఆధారపడి ఉందని అదెలా కనిపెట్టింది? నడుస్తున్నవే చూస్తే దొరకదు కదా. ఆగిపోయి ఉన్నవి కూడా వెతుకుతుందా?"

ఇన్నేళ్లలో వాడు అడిగిన మొదటి ప్రశ్న, అదీ సరిగ్గా అడగాల్సిన ప్రశ్న. వెతుకుతుంది అన్నయ్యా, ఎక్కడ మొదలుపెడుతుందంటే, అని ఎలాగో అంది. ఉండు ఉండు, అన్నాడు వాడు, అని ఫోను కాస్త పక్కకు జరిపి దుకాణంలో ఎవరితోనో మాట్లాడాడు, ఆ మాటలు ఆమెకు స్పష్టంగా వినిపించాయి.

"మీ నీలం రంగు కాసేపాగి కలుపుతానండీ, కూర్చోండి. మా చెల్లెలు ఫోన్లో ఉంది, పని సంగతి మాట్లాడుకోవాలి."